పొలిమేర దాటాక: మీ ఉత్తరాలు, నా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ముప్పాతిక మువ్వీసం కెనడావే. నేను పద్దెనిమిదేళ్లు అక్కడుండి వచ్చానని కిందటి సంచికలో నోరుజారాను, అదీ సంగతి. 2001 ఫిబ్రవరిలో టొరంటోలో దిగాను. 2019లో అమ్మకి ఒంట్లో బాగోక విశాఖ తిరిగొచ్చి, ఎం.వి.పి. కాలనీలో రైతుబజారుకి నడిచివెళ్లేంత దూరంలో ఉంటున్నాను. అక్కడ చివరి పన్నెండేళ్లు, కొత్తగా వచ్చినవాళ్లకి ఫారాలు నింపిపెట్టే కౌంటర్లో కూర్చున్నాను. నేను చెప్పేది ఎక్కువగా ఒంటారియో రాష్ట్రం సంగతి. అద్దె, లైసెన్సు, ఆరోగ్య బీమా అక్కడ ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంటాయని గుర్తుపెట్టుకుని చదవండి.

ప్రశ్న: మా అబ్బాయి మెకానికల్ ఇంజనీరు. ఇక్కడ ఆరేళ్లు ఉద్యోగం చేసి, పి.ఆర్. (అక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి) వచ్చాక నాలుగు నెలల కిందట బ్రాంప్టన్ వెళ్లాడు. ఫోను చేస్తాడు గానీ వీడియో పెట్టడు. సిగ్నల్ లేదంటాడు. మొన్న మా వీధిలో వాళ్లబ్బాయి ద్వారా తెలిసింది, మావాడు గోడౌన్లో రాత్రిపూట పెట్టెలు మోస్తున్నాడట. మావాడి నాన్నగారు టెక్కలి దగ్గర పల్లెటూరు నుంచి వచ్చి స్టీల్ ప్లాంటులో చేరి, అక్కడే రిటైరయ్యారు. ఆయనకింకా చెప్పలేదు. వెనక్కొచ్చేయమని చెప్పమంటారా? – గాజువాక నుంచి ఒక తల్లి

జవాబు: అమ్మా, బ్రాంప్టన్‌లో సిగ్నల్‌కేమీ కరువు లేదు. మీవాడు దాస్తున్నది వెనకాల గోడని. బేస్‌మెంటు గది అంటే నేల కింద గది. కిటికీ ఎక్కడో పైన జానెడుంటుంది. ముగ్గురు కుర్రాళ్లు మూడు పరుపులు కింద పరుచుకుని, ఒకడు డ్యూటీకి వెళ్తే ఇంకొకడు పడుకుంటారు. అది మీ కంట పడకూడదని వాడి తాపత్రయం.

ఇదంతా ఇంత ధైర్యంగా ఎలా చెప్తున్నానంటే, నేనూ ఆ గదిలోంచే అబద్ధాలు చెప్పాను. ఇక్కడ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పిన మనిషిని. స్కార్బరోలో నాకు దొరికిన మొదటి పని బేకరీలో, రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా. బెల్టు మీద వచ్చే బన్నులు డజను చొప్పున సంచిలో వేసి క్లిప్పు పెట్టాలి. మొదటి వారం కళ్లు మూసుకున్నా బన్నులే. అప్పుడు ఐదు డాలర్ల కాలింగ్ కార్డు కొనుక్కుని ఇంటికి ఫోను చేసేవాళ్లం. కార్డులో నిమిషాలు అయిపోతున్నాయనే వంకతో, 'స్కూల్లో చెప్తున్నానమ్మా, బాగుంది' అని పెట్టేసేదాన్ని. రెండేళ్లు అలా గడిచాయి. మా పూర్ణా మార్కెట్ వీధిలోవాళ్ల అల్లుడు మా ఇంటికొచ్చి చూసి వెళ్లి చెప్పేదాకా అమ్మకి తెలీదు. తెలిశాక ఆవిడ అన్నమాట ఇప్పటికీ నా చెవిలో ఉంది: 'నీకు బళ్లో పనొచ్చిందని సిమ్మాచలం కొండెక్కి మొక్కు తీర్సుకున్నాను. అప్పన్న కాడ కూడా నాసేత అబద్దం ఆడించేసేవు కదే!' బన్నుల సంగతి మాత్రం ఒక్క ముక్క ఎత్తలేదు.

అందుకని, వాడి గుట్టు మీకు తెలిసిందని మీరే ముందు చెప్పేయండి. వీధిలో ఎవరు చెప్పారో మాత్రం చెప్పకండి, ఆ కుర్రాడితో స్నేహం చెడుతుంది. ఇంక మీ ఇంట్లో ఆయన దగ్గర దాచడం దేనికి? టెక్కలి పక్కన పల్లె నుంచి స్టీల్ ప్లాంటుకి వచ్చిన మనిషికి కొత్త చోటంటే ఏమిటో మీకన్నా నాకన్నా ఎక్కువ తెలుసు. 1992లో ఆ ప్లాంటుని జాతికి అంకితం చేసేనాటికి చేరినవాళ్లలో ఎంతమంది ఒక గదిలో నలుగురు ఉండి వండుకు తిన్నారో ఆయన్నే అడగండి. గోడౌన్లో మీవాడి కాళ్లకున్నవి కూడా ముందు ఇనపతొడుగు ఉన్న సేఫ్టీ బూట్లే. ఆయన పాతికేళ్లు తొడిగిన బూట్లు. తండ్రీకొడుకులని ఆ బూట్ల గురించి మాట్లాడుకోనివ్వండి. కొత్తవి మడమ దగ్గర కొరికేస్తాయి, రెండు జతల మేజోళ్లు వేసుకోమని ఆయనే చెప్తారు.

ఇక ఉద్యోగం మాట. పి.ఆర్. కోసం మీవాడు డిగ్రీని అక్కడివాళ్లచేత మదింపు చేయించుకునే ఉంటాడు. చాలామంది ఆ కాగితం ఉంటే ఇంజనీరుగా చేరిపోవచ్చనుకుంటారు. అది వలస దరఖాస్తుకి మాత్రమే పనికొస్తుంది. ఒంటారియోలో 'ప్రొఫెషనల్ ఇంజనీర్' అని పేరు పక్కన రాసుకోవాలంటే అక్కడి ఇంజనీర్ల సంస్థ లైసెన్సు ఇవ్వాలి. చదువు, వృత్తి నియమాలతో సహా పరీక్షలు, నాలుగేళ్ల అనుభవం. పూర్వం అందులో ఒక ఏడాదైనా కెనడా అనుభవం ఉండాలనేవారు. ఆ మెలిక మా కౌంటర్ దగ్గర ఎంతమందిని ఏడిపించిందో! 2023 మే నెలలో తీసేశారు. మీవాడి ఆరేళ్లూ ఇప్పుడు లెక్కలోకొస్తాయి, దరఖాస్తు పెట్టమనండి. లైసెన్సు వచ్చేదాకా ఖాళీగా ఉండక్కర్లేదు. లైసెన్సున్న ఇంజనీరు కింద డిజైన్, క్వాలిటీ, మెయింటెనెన్స్ పనులు చెయ్యొచ్చు. కొత్తవాళ్లని వాళ్ల పాత వృత్తిలోకి చేర్చడానికి ప్రభుత్వ సాయంతో నడిచే 'బ్రిడ్జింగ్' కోర్సులూ ఉన్నాయి.

రెజ్యూమె కూడా ఒకసారి చూడమనండి. మనవాళ్ల రెజ్యూమె చూస్తే పెళ్లిచూపులకి పంపిన బయోడేటాలా ఉంటుంది. తండ్రి పేరు, పుట్టినతేదీ, పెళ్లయిందా లేదా, పక్కన ఫోటో. అవన్నీ కొట్టేసి, ఏ మిషను మీద ఏం చేశాడో, ఎంత ఆదా చేశాడో రెండు పేజీల్లో రాయమనండి.

రాత్రి డ్యూటీ పొద్దున్న ఏడింటికి దిగితే మనకి సాయంత్రం నాలుగున్నర, వాళ్ల శీతాకాలంలో అయితే ఐదున్నర. ఆ టైముకి చెయ్యండి, మధ్యాహ్నం అన్నం తిని తీరుబడిగా మీరు చేసే ఫోను వాడి పని మధ్యలో మోగుతుంది. మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం వాళ్ల గడియారం గంట జరుగుతుందని కేలండర్లో రాసుకోండి. 'ఎప్పుడు సెటిలవుతావురా' అని మాత్రం అడగొద్దు. ఏం వండుకున్నావని అడగండి.

వచ్చేయమని ఇప్పుడే అనకండి. నాలుగు నెలలంటే దేశం సంగతి అటుంచండి, బస్సు రూట్లు తెలియడానికే సరిపోదు. అలాగని రావద్దనీ అనకండి. ఐదేళ్లలో 730 రోజులు అక్కడుంటే పి.ఆర్. పోదు. కాబట్టి సంక్రాంతికి నెల రోజులు ఇంటికొచ్చి వెళ్తే కొంపలేమీ మునిగిపోవు. ఇల్లు తాకట్టుపెట్టి పంపారా? మీరు రాయలేదు, అయినా అడుగుతున్నా. పెట్టుంటే నెలనెలా వాయిదా ఎంతో, మీరెంత కట్టగలరో వాడికి కాగితం మీద వేసి పంపండి. లెక్క తెలియని అప్పు వాడికి ఇంకా పెద్దదిగా కనబడుతుంది.

ప్రశ్న: జనవరిలో టొరంటో ప్రయాణం. నేను, మావారు, నాలుగేళ్ల పాప. ఏం సర్దుకోవాలి? మా అత్తగారు రాసిన లిస్టులో రోలు కూడా ఉంది. – మద్దిలపాలెం

జవాబు: అల్లం దంచుకునే చిన్న రోలైతే అత్తగారి మాట కాదనకండి. మనిషికి సాధారణంగా 23 కిలోల పెట్టెలు రెండు ఇస్తారు, టిక్కెట్టు మీద చూసుకోండి. నేనైతే బరువంతా ఎక్కడ వృథా అవుతుందో ముందు చెప్తాను.

మిక్సీ వద్దు. అక్కడ కరెంటు 120 వోల్టులు, మనది 230. మన మిక్సీ అక్కడ పెడితే ముసలాయన దగ్గినట్టు మూలుగుతుంది, మినప్పప్పు నలగదు. అడుగు గుండ్రంగా ఉన్న మూకుడు కూడా వద్దు, కరెంటు పొయ్యి చదునుగా ఉంటుంది కాబట్టి దాని మీద ఊగుతుంది. కుక్కరు తీసుకెళ్తే రెండు వాషర్లు, ఒక వెయిటు అదనంగా పెట్టుకోండి. కందిపప్పు, చింతపండు, సోనామసూరి బియ్యం, ఆఖరికి గోంగూర కూడా అక్కడ మన కొట్లలో దొరుకుతాయి. ఆవకాయ పెట్టుకుంటే విమానాశ్రయంలో ఇచ్చే ప్రశ్నల్లో తిండి సామాను ఉందని నిజం చెప్పండి. చెప్పకపోతేనే తప్పు.

చలికోటు ఇక్కడ కొనకండి. జగదాంబ సెంటర్లో దుకాణంవాడు ఎంత లావుది చూపించినా అది ఊటీకి సరిపోతుంది. విమానాశ్రయం నుంచి ఇంటికి చేరడానికి తలా ఒక స్వెట్టరు, టోపీ చాలు. కోటు, బూట్లు అక్కడే కొనండి. లోపల వేసుకునే థర్మల్స్ మాత్రం ఇక్కడివే చవక.

డబ్బు పెట్టాల్సింది పళ్లమీద, కళ్లమీద. పెద్దవాళ్ల పళ్ల వైద్యం అక్కడ మామూలు ప్రభుత్వ ఆరోగ్య కార్డు కిందికి రాదు. పుచ్చుపన్ను ఉంటే ఇక్కడే పీకించుకోండి. కళ్లజోళ్లు రెండేసి చేయించుకోండి. ఆరోగ్య కార్డుకి మూణ్ణెల్లు ఆగాలని ఎవరైనా చెప్తే అది పాతమాట, ఒంటారియోలో 2020లోనే తీసేశారు. పాప టీకాల కార్డు చేతిసంచిలోనే ఉంచండి, బళ్లో ముందు అదే అడుగుతారు. మీవారు ఇక్కడ కారు నడుపుతుంటే, ఎన్నేళ్లుగా లైసెన్సు ఉందో ఆర్టీఓ ఆఫీసు నుంచి రాయించుకుని వెళ్లమనండి. లేకపోతే పదేళ్లు నడిపినవాడు కూడా నిన్న నేర్చుకున్నవాడితో సమానంగా వరసలో నించోవాలి.

ఇవన్నీ ఒక ఎత్తు. మన సముద్రపుగాలి తిన్న ఒంటికి అక్కడి పొడిగాలి ఇంకో ఎత్తు. ఇంట్లో హీటరు తిరుగుతుంటే పెదాలు పగులుతాయి, ముక్కులో నెత్తురు చుక్క కనబడుతుంది. తలుపు పిడి ముట్టుకుంటే చురుక్కుమని షాకు కొడుతుంది. మొదటిసారి నేను ఇంటి వైరింగు పాడైందనుకున్నాను, ఫిజిక్స్ చదివి కూడా! కొబ్బరినూనె సీసాలో తీసుకెళ్తే అక్కడది రాయైపోతుంది, వెడల్పు మూతి డబ్బాలో పోసుకోండి.

ఇంకొకటి. దిగిన మూడోరోజు పప్పుచారుకి ఎండుమిరపకాయ పోపు పెట్టాను. నెత్తిమీద పొగ అలారం కూత మొదలెట్టింది. నాకేమీ తోచలేదు, పాపని ఎత్తుకుని మంచులోకి పరుగెత్తాను, కాళ్లకి చెప్పుల్లేవు. మేడమీద ఉండే మా ఇంటి యజమానురాలు, ఎప్పుడో జమైకా నుంచి వచ్చిన పెద్దావిడ, తువ్వాలు పట్టుకుని దిగింది. అలారం కింద నిలబడి తువ్వాలుతో గాలి విసిరింది, కిటికీ తీసింది, పొయ్యి మీద ఫ్యాను ఎక్కడుందో చూపించింది. పోతూ పోతూ గిన్నెడు పప్పుచారు పట్టుకెళ్లింది. ఆ తర్వాత పద్దెనిమిదేళ్లూ ముందు ఫ్యాను, తర్వాత కిటికీ, ఆ తర్వాతే ఆవాలు. విసుగొచ్చి అలారం బ్యాటరీ పీకేసేవాళ్లని చూశాను. అది చట్టం ప్రకారం నేరం, పైగా నేల కింద గదిలో పడుకునేవాళ్లకి అదొక్కటే దిక్కు.

ప్రశ్న: మిస్సిసాగాలో ఇల్లు చూశాను. ఉద్యోగం, క్రెడిట్ చరిత్ర లేవు కాబట్టి ఆరు నెలల అద్దె ముందే కట్టమంటున్నారు. ఇవ్వొచ్చా?

జవాబు: ఒంటారియోలో ఇంటాయన ముందుగా డిపాజిట్ అడగదగ్గది ఒక్క నెల అద్దె. అది ఖాళీ చేసే ఆఖరి నెలకి సర్దాలి. సున్నం, రంగుల పేరుతో దాన్ని పట్టుకోవడానికి లేదు. 2018 ఏప్రిల్ 30 నుంచి రాసుకునే ఒప్పందాలకి ప్రభుత్వం ఒక ఫారం పెట్టింది, దాని మీదే రాయమనండి. చట్టం ఇలా ఉన్నా, కొత్తవాడికి ఇల్లివ్వడానికి జంకుతారన్నది నిజమే. బ్యాంకులో ఉన్న డబ్బు కాగితం, అక్కడే స్థిరపడిన ఒకరి హామీ చూపించండి. చూడని ఇంటికి మాత్రం పైసా పంపొద్దు. ఫోటోలు చూసి డబ్బు పంపి, తీరా దిగాక ఆ అడ్రసులో వేరేవాళ్లు కాపురముంటున్నారని ఏడ్చినవాళ్లు మా కౌంటర్ దగ్గర నెలకొకరైనా ఉండేవారు.

ప్రశ్న: మాది భీమిలి. పెళ్లయి ఎడ్మంటన్ వచ్చి ఏడు నెలలు. ఆయన పొద్దున్నే వెళ్తే చీకటిపడ్డాక వస్తారు. నాకు ఇంగ్లీషు చదివితే తెలుస్తుంది, వాళ్లు మాట్లాడితే తెలీదు. రోజూ ఊరికే ఏడుపొస్తుంది. ఆయన్నడిగితే 'అందరూ అలవాటుపడ్డారు, నువ్వూ పడు' అంటారు. సముద్రం హోరు వినక నిద్ర పట్టట్లేదు అక్కా.

జవాబు: తల్లీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. డిసెంబరులో ఎడ్మంటన్‌లో పావుతక్కువ తొమ్మిదికి తెల్లారి, నాలుగుంపావుకి పొద్దు గుంకుతుంది. భీమిలిలో పొద్దు సముద్రంలోంచి లేచి వచ్చి ఇంట్లో పడేది నీకు. అక్కడి చీకటికి ఏడుపు రావడం నీ తప్పు కాదు, ఎండకీ మనసుకీ సంబంధం ఉంది. రోజూ ఎండ ఉన్న గంటలో ఒకసారి బయటికి నడు. చలి లెక్క చూసేటప్పుడు ఉత్త డిగ్రీలు కాదు, గాలితో కలిపి చెప్పేది చూడు. అది మైనస్ 28 దాటితే కప్పుకోని చర్మం పది నుంచి ముప్ఫై నిమిషాల్లో గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఆ రోజుల్లో నడక మాల్‌లో పెట్టుకో. పెద్దవాళ్లు చాలామంది అలాగే నడుస్తారు. మీ ఊళ్లో వెస్ట్ ఎడ్మంటన్ మాల్‌లో గాజుకప్పు కింద అలలు పుట్టించే కొలను ఉంది. భీమిలి పిల్లవి, చూస్తే నవ్వొస్తుంది నీకు. అయినా ఒకసారి టిక్కెట్టు కొనుక్కుని వెళ్లి ఒడ్డున కూర్చో.

ఏడుపు రెండు వారాలు మించి రోజూ వస్తోంది, నిద్రలేదు అంటున్నావు కాబట్టి డాక్టరుకి చెప్పు. డాక్టరు ఇంకా కుదరకపోతే అల్బర్టాలో 811కి ఫోను చేస్తే నర్సు మాట్లాడుతుంది, దుబాసీ కావాలని అడగొచ్చు. బతకాలని లేదనిపించిన క్షణం ఉంటే 988. పగలైనా రాత్రైనా ఎత్తుతారు, డబ్బు అక్కర్లేదు.

ఇంగ్లీషుకి 'లింక్' అని క్లాసులున్నాయి, పి.ఆర్. ఉన్నవాళ్లకి ఉచితం. పాఠం సంగతి ఎలా ఉన్నా, ఆ గదిలో నీలాగే మాట అర్థంకాని పదిమంది ఉంటారు. నా మొదటి స్నేహితురాలు అలాంటి గదిలోనే దొరికింది, ఇథియోపియా ఆవిడ. ఇద్దరికీ వచ్చిన ఇంగ్లీషు ముక్కలు కలిపితే ఒక వాక్యమయ్యేది. లైబ్రరీ కార్డు తీసుకో, ఊరికే ఇస్తారు, వెచ్చగా కూర్చోవచ్చు. బస్సు కార్డు నీ పర్సులో ఉండాలి. బ్యాంకు ఖాతా నీ పేరున ఒకటి ఉండాలి. ఉద్యోగం లేకపోయినా, వెయ్యడానికి డబ్బు లేకపోయినా ఖాతా తెరవడం అక్కడ నీ హక్కు.

ఈ నాలుగు ముక్కలు మీ ఆయనకి: బాబూ, నీకు ఆఫీసులో నలుగురితో పలకరింపులుంటాయి, ఆ పిల్లకి గోడలున్నాయి. వారానికొక సాయంత్రం నువ్వే వంట చేసి, ఆమెని లింక్ క్లాసు దగ్గర దింపిరా. 'అందరూ అలవాటుపడ్డారు' అన్న ఆ అందరిలో ఎంతమంది బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చారో కౌంటర్ ఇవతల కూర్చున్నదాన్ని, నాకు తెలుసు.

నిద్రకి ఒక చిట్కా. మా అమ్మాయి హాస్టల్‌కి వెళ్లినప్పుడు ఇక్కడి వాళ్ల పిన్ని ఆర్కే బీచ్‌లో తెల్లారుజామున అరగంట హోరు ఫోన్లో రికార్డు చేసి పంపింది. మధ్యలో మురీమిక్చరు బండివాడి కేక కూడా ఉంది. మీ అమ్మని భీమిలి ఒడ్డున చెయ్యమను.

ప్రశ్న: మనవణ్ణి చూసుకోవడానికి కొడుకు సూపర్ వీసా (అక్కడ స్థిరపడినవాళ్ల తల్లిదండ్రులకి ఇచ్చేది) మీద కెనడా రమ్మంటున్నాడు. నాకు 68. ఒంటరిగా వాకింగుకి వెళ్లొచ్చా? – సీతమ్మధార

జవాబు: నిక్షేపంగా వెళ్లొచ్చు అన్నయ్యగారూ. ఆ వీసాకి కనీసం ఏడాదికి, లక్ష కెనడా డాలర్ల వైద్య బీమా ముందే తీసుకోవాలి. బి.పి., షుగరు ఉంటే దాచకుండా రాయించండి, తర్వాత అదే వంకతో డబ్బివ్వరు. ఒకసారి వెళ్తే ఐదేళ్ల దాకా ఉండనిస్తారు గానీ, మొదటిసారి ఆరునెలలకే టిక్కెట్టు తీసుకోండని నా సలహా.

రోడ్డు దాటేటప్పుడు మనం కుడివైపు చూసి అడుగేస్తాం. అక్కడ బళ్లు ఎడమవైపు నుంచి ముందొస్తాయి. దాటేచోట స్తంభానికి బొత్తాం ఉంటుంది, నొక్కి, మనిషి బొమ్మ వెలిగాక కదలండి. ఇంటి అడ్రసు, కొడుకు నంబరు కాగితం మీద రాసి చొక్కా జేబులో పెట్టుకోండి. మా మామగారు వచ్చిన కొత్తలో వాకింగుకెళ్లి రెండు గంటలు తిరిగిరాలేదు. ఇళ్లన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి, పక్కవీధిలో మూడిళ్ల తలుపులు తట్టారట. మర్నాడు ఇండియన్ కొట్లో ప్లాస్టిక్ మామిడాకుల తోరణం కొనుక్కొచ్చి మా గుమ్మానికి కట్టారు. మేం ఇల్లు ఖాళీ చేసేదాకా, మంచులో కూడా, అది అలాగే ఉంది.